బల్లకు దూరం పెట్టిన మనిషి

మొన్న ఆదివారం మా మందిరంల కొత్తగ వచ్చిన ప్రసంగీకుడు ఒకాయన గంటసేపు మాట్లాడిండు. నిజమైన విశ్వాసికి గుర్తు విధేయత అట. చెప్పిన మాట వినెటోనికే, నేను దేవుని మనిషిని అన్న నిశ్చయం ఉంటదట. పక్కన కూసున్న ఆడోళ్ళు "ఆమెన్, ఆమెన్" అన్నరు. నాకైతే కడుపుల మండింది. ఈ వయసుల మోకాళ్ళు పనిచేస్తలేవు గని కోపం మాత్రం మస్తుగ పనిచేస్తున్నది. విధేయత అన్న మాట ఎవ్వరు ఎత్తినా నాకు మా అమ్మే యాదికొస్తది. ఆమె సంగతి రాసిపెట్టి పోదామని కూసున్న.

మాది మెదక్. తెల్లదొరలు పెద్ద చర్చి గుడి కట్టెటప్పుడు కరువంట. మా తాత ఆ గుడికి రాళ్ళు మోసి, కూలి కింద గింజలు తెచ్చుకున్నోడు. "అండ్ల తాత మోసిన రాయి ఏదే?" అని నేనడుగుతే, "అన్ని ఆయనవే అనుకో, ఎవడొచ్చి అడుగుతడు" అని మా అమ్మ నవ్వేది. ఆ గింజలు తిన్న పాపానికి మమ్ముల ఊరంత గంజి కిరస్తానోళ్ళు అన్నది. గంజి పోస్తె దేవున్ని మార్చినోళ్ళు, రేపు ఇంకెవడన్న బువ్వ పెడితె వాని దేవున్ని మొక్కుతరు అని మొఖం మీదనే అనేటోళ్ళు.

మా ఆడోళ్ళు ఆ మాటకు నోటితోటి జవాబియ్యలే, నొసటితోటి ఇచ్చిండ్రు. బాప్తిస్మం నాడు తుడిచిన బొట్టు మళ్ళ పెట్టలే. పెండ్లికి పోయినా, అంగడికి పోయినా బోడి నొసలే. "మొగడు సచ్చినదాని లెక్క గదేం మొఖమే" అంటే అనిపించుకున్నరు. మేము గంజికి రాలే, దేవునికోసం వచ్చినం అని చూపెట్టెటందుకు వాళ్ళ దగ్గర అది తప్ప ఇంకేమున్నది? మా అమ్మ ఐతే పుట్టుకనే కిరస్తానిది. బొట్టు అన్నది ఆమె ఒక్కనాడు పెట్టుకోలే, పెట్టుకునుడు ఎట్లనో కూడ ఎరుగది.

మా నాయిన కలరకు పోయినంక అమ్మ దవాఖానల ఆయాగ చేరింది. గుడ్డలు ఉతుకుడు, కాన్పులకు నీళ్ళు కాపుడు, పసిపోరగాండ్లకు తానం పోసుడు. నోట్లె నాలికె లేని మనిషి అనేటోళ్ళు ఆమెను. అచ్చరం ముక్క రాదు. వాక్యం చదువుకుని, నేను దేవుని మనిషినే అని ధైర్యం చెప్పుకునే దారి ఆమెకు లేదు. ఆమెకు అది తెలిసేది ఒక్క దగ్గరనే. మేము పోయేది పెద్ద గుడికి కాదు, మా వాడల ఉన్న పెంకుల మందిరానికి. అండ్ల నెలకోసారి ప్రభువు బల్ల పెట్టేటోళ్ళు. బల్ల మీద తెల్లబట్ట పరిచి, రొట్టె ముక్కలు, గిన్నెల ద్రాక్షరసం పెట్టేటోళ్ళు. నడవడి మంచిగున్నోళ్ళు పోయి మోకాళ్ళేస్తే పాస్టరు అయ్యగారు అరచేతుల రొట్టె పెట్టేటోడు. ఆ పూట ఇంటికొచ్చినంక మా అమ్మ మొఖం చూడాలె. "ఇంకో నెల దాక రంది లేదు బిడ్డా, నన్ను లెక్కల ఉంచుకున్నడు" అనేది.

తప్పు చేసినోళ్ళను ఆ బల్లకు దూరం పెట్టేటోళ్ళు. తాగినోణ్ణి, ఇద్దరు పెండ్లాలను తెచ్చుకున్నోణ్ణి, జాతర్ల డప్పు కొట్టినోణ్ణి, బొట్టు పెట్టుకున్నదాన్ని. అసొంటోళ్ళు తలుపు కాడ చాప మీద కూసుండాలె, బల్ల మొదలు కాంగనే లేచి బయటికి పోవాలె. మళ్ళ లోపటికి రావాలంటే సంఘం ముందల నిలబడి "తప్పు చేసిన, మాఫ్ చెయ్యుండ్రి" అనాలె. గంతే. మస్తుమంది అన్నరు, మళ్ళ తాగిండ్రు, మళ్ళ అన్నరు. వాళ్ళ రొట్టె వాళ్ళకు దొరికింది.

ఇగ రజాకార్ల దినాలు. అడవుల్ల తుపాకులు పట్టినోళ్ళు ఒక దిక్కు, రజాకార్లు ఒక దిక్కు, నడుమ మేము. ఎల్దుర్తి దిక్కు నుంచి జనం మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చేటోళ్ళు, మెదక్ల ఏదో నిమ్మళం ఉన్నట్టు. మా అయ్యగారు ప్రతి ఆదివారం ఒకటే పాట. రాజును పెట్టినోడు దేవుడే, రాజుకు లోబడుండ్రి, ఎవ్వరు ఎదురు మాట్లాడకుండ్రి అని. ఎవ్వరు మాట్లాడలే కూడ. మా అమ్మ అన్న, అంటే మా మామ, ఆ మందిరానికి సంఘపెద్ద. ఆయన ఏమన్న ఎదురు మాట్లాడిండా? ఖిల్లా కింది బాటల పోతుంటె రజాకార్లు ఆపిండ్రు. సలాం జర ఆలిశంగ కొట్టిండట. తుపాకి మడమతోటి మూతి పగలగొట్టిండ్రు, ముందటి పండ్లు ఊడినయి. మా అమ్మ ఉప్పునీళ్ళతోటి ఆ నోరు కడుగుకుంట ఏడ్చింది. మామ ఏడ్వలే. ఆ దినం నుంచి సాయిబు అన్న మాట వింటె ఆయన మొఖం మాడిపోయేది. ఆయన కోపం నాకు సమజైతది, కాదన.

మా వాడ దాటంగనే దూదేకులోళ్ళ ఇల్లుండేది. సాయిబులే గని ఇంట్ల మాట్లాడేది తెలుగే. ఆయన దవాఖాన పరుపులకు దూది ఏకేటోడు. ఆ ఎండకాలమే ఆయన పెండ్లానికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డ అడ్డం తిరిగి ఆమె పాణం మీదికొస్తె మా అమ్మనే పక్కన కూసున్నది. అప్పటిసంది ఆమె అమ్మను అక్కా అనేది. రజాకార్లు దూదేకులాయనకు ఒక దినం బలవంతంగ ఖాకీ అంగీ తొడిగిచ్చి లైన్ల నిలబెట్టిండ్రు. తుపాకి కూడ ఇయ్యలే, కట్టె ఇచ్చిండ్రు. ఆ అంగీ ఆయనకు మోకాళ్ళ దాక వచ్చిందని చెప్పుకుని ఆయన పెండ్లాం నవ్వింది. గని చూసినోళ్ళు నవ్వలే, యాది పెట్టుకున్నరు.

పోలీసు యాక్షన్ వానలల్ల వచ్చింది. ఫౌజు లారీలు బురదల మెదక్ల నుంచి పోతుంటె ఊరంత బాట మీదికి వచ్చింది. నిజాం లొంగిండట, రజాకార్ల పని ఖతమట. నేను కూడ ఎగిరి దుంకిన. మా మామ పండ్లు లేని నోటితోటి నవ్వుతుంటె మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎంత సంబురమో చెప్పలేను. ఒక్కదినం సంబురం. లారీలు అటు పోంగనే చుట్టుపక్కల ఊర్ల నుంచి గుంపులు దిగినయి, గొడ్డండ్లు, బరిశెలు పట్టుకుని. వాళ్ళకు కావల్సింది రజాకార్లు. రజాకార్లు ఏడున్నరు? ఎప్పుడో ఉరికిండ్రు. దొరికినోళ్ళు దూది ఏకెటోళ్ళు, గాజులమ్మెటోళ్ళు.

పొద్దుగాల మా అమ్మ దవాఖానకు పోదామని నెత్తి దువ్వుకుంటున్నది. దూదేకులామె దొడ్డి దిక్కు నుంచి వచ్చింది, పిల్లను చీర కొంగుల చుట్టుకుని. ఆమె మొగడు ముందటి దినమే పారిపోయిండు. ఈమె పిల్లకు జెరమని ఆగిపోయింది. "అక్కా, మా ఇంటి తలుపులు పగలగొడుతుండ్రు" అన్నది. ఆడనే కూలబడ్డది. మా అమ్మ దువ్వెన కింద పెట్టింది. ఆమెను చూసింది, తన మొఖం సందుగ మీది అద్దంల చూసుకున్నది. రెండు నొసళ్ళు బోడివే. మా వాడ కిరస్తానోళ్ళ వాడ అని తెలిసినోడు మా ఇంట్ల బోడి నొసలు చూస్తె ఊకుంటడు. బయటి ఊరోనికేం తెలుసు? వానికి బోడి నొసలంటె సాయిబుల ఇల్లే.

మరి మేము కిరస్తానోళ్ళం అని చెప్పొచ్చు గద అంటరేమో. చెప్తె, ఈమె ఎవరు, మీ పెద్దను పిలువుండ్రి అంటరు. పెద్ద ఎవరు? మా మామ. ఆయన ఇల్లు రెండు గోడల అవతల. దూదేకులామెను చూసి ఆయన ఏమంటడో మా అమ్మకు ఎరుకనే.

ఆమె పసుపు డబ్బ తీసింది, ఆకుల పెట్టుకునే సున్నం తీసింది. పసుపు, సున్నం కలిపితె ఎర్రగైతదని ఎవ్వరో అంటె విన్నది, అంతే ఆమె విద్దె. ఎంతల ఎంత కలుపాలెనో ఏం తెలుసు? అరచేతుల సున్నం ఎక్కువ, పసుపు తక్కువ వేసి పిసికింది. మొదలు తన నొసటికే పెట్టుకున్నది, చూద్దామని. బొట్టు పెద్దగ ఎర్రగ నిలిచింది. వెంటనే "అబ్బా" అన్నది. సున్నం మండుతున్నది. తుడువలే. మళ్ళ పసుపు ఎక్కువ వేసి కలిపి, ఆమెకు పెట్టింది, నాకు పెట్టింది. దూదేకులామె చెవులకున్న సాయిబుల తీరు కమ్మలు తీసి పొయ్యి బూడిదల దోపింది. పిల్ల మెడల తాయెత్తు తెంపి పొయ్యిల వేసింది. దూదేకులామె ఆపుదామని చెయ్యి లేపింది, మళ్ళ దించింది.

గుంపు రానే వచ్చింది. ముందటోని కండ్లు ఎర్రగున్నయి. వాడు తడక నూకి, "లోపట ఎవరున్నరే?" అన్నడు.

"మేమే అయ్యా, ఆడోళ్ళం."

"గామె ఎవరు?"

"నా మరదలు. కుల్చారం నుంచి కాన్పుకొచ్చింది."

"కాన్పుకు తల్లిగారింటికి పోతరు గని ఆడిబిడ్డ ఇంటికి వస్తరా?"

"తల్లి ఉంటెనే గద అయ్యా తల్లిగారిల్లు" అన్నది మా అమ్మ. నోట్లె నాలికె లేని మనిషి!

వాడు ఆమె మొఖం చూసిండు, పిల్లను చూసిండు, మళ్ళ మా అమ్మ మొఖం చూసిండు. అమ్మ కండ్ల నుంచి నీళ్ళు కారుతున్నయి. ఏడుపు కాదు, సున్నం. వాడు భయమనుకున్నడు. "ఏ దేవున్ని మొక్కుతరు?" అన్నడు. మా అమ్మ పెదవులు కదిలి ఆగినయి. దూదేకులామె నా చెయ్యి పట్టుకున్నది, గోర్లు దిగినయి.

"ఎల్లమ్మను" అన్నది మా అమ్మ.

వాళ్ళు పోయిండ్రు. అమ్మ బొట్టు కడుగుతె తోలు కూడ లేచొచ్చింది. కొబ్బరినూనె రాసిన. బాటలు జర సల్లబడేదాక ఆమెను, పిల్లను మామ కంట పడకుండ ఇంట్లనే పెట్టుకున్నం. మనోహరాబాద్ టేషన్‌కు పోయే బండి దొరికితె, గడ్డి మీద కూసోబెట్టి పంపినం. పోయేటప్పుడు ఆమె, "అక్కా, నీ దేవుడు నిన్ను సల్లగ చూస్తడు" అన్నది. ఆమె మళ్ళ కనవడలే, ఆమె మొగని సంగతి కూడ ఎవ్వరు చెప్పలే. దేవుడు సల్లగ చూసుడు మాత్రం ఎట్లుంటదో మాకు ఆ వెంటనే వచ్చిన ఆదివారమే ఎరుకైంది.

ఆ ఆదివారం బల్ల. మా అమ్మ తెల్లచీర కట్టుకుని, నొసటి మీద ఎర్రటి పుండుతోటి మందిరానికి పోయింది. ఆడోళ్ళు గుసగుస పెట్టిండ్రు. మామ దగ్గరికొచ్చి, "నొసటికేమైందే చెల్లె?" అన్నడు. నూనె చిందింది అనొచ్చు. నేను పక్కనుండి కొంగు గుంజిన కూడ. గుంపు ముందల గన్ని అబద్ధాలాడిన మనిషి, దేవుని ఇంట్ల ఒక్క అబద్ధం ఆడలేకపొయింది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆ పూట ఆమెకు రొట్టె ఇయ్యలే. ఆరాధన ఐనంక అర్గు మీద పెద్దలు కూసున్నరు, మా అమ్మను ముందల నిలబెట్టిండ్రు. నేను ఆమె చెయ్యి పట్టుకునే ఉన్న.

"విగ్రహం పేరు చెప్పినవు, బొట్టు పెట్టుకున్నవు" అన్నడు అయ్యగారు. "పాణభయంతోటి ప్రభువును కాదన్నవు. మన నొసలు చూసే గదమ్మా మనల నమ్మేది లోకం?"

"నా పాణం కోసం కాదయ్యా."

"మరి ఎవ్వని కోసమే?" అని లేచిండు మామ. "నా పండ్లు రాలగొట్టినోళ్ళ కోసమా? నా నోరు కడిగినవు గద, అప్పుడే మర్సినవా?"

"ఆ పసిది నీ పండ్లు రాలగొట్టిందా అన్నా?" అన్నది అమ్మ. మామ మొఖం పక్కకు తిప్పుకున్నడు.

అయ్యగారు జర మెత్తగ మాట్లాడిండు. "పసిదాన్ని కాపాడుడు తప్పంటలేనమ్మా. బొట్టు తప్పు, ఆ పేరు తప్పు. వచ్చే ఆదివారం సంఘం ముందల తప్పైంది అను. అయిపోతది."

మా అమ్మ నొసటి పుండును వేలితోటి ముట్టుకున్నది. "బొట్టు లేకుంటె ఆ పసిది లేదయ్యా" అన్నది. "నేను తప్పైంది అన్ననంటె, దాన్ని బతికిచ్చుడు తప్పైంది అన్నట్టే గద. మనసుల లేని మాట దేవుని ముందల ఎట్లనాలె? ఇంకేదన్న చెప్పుండ్రి, చేస్త."

"పెద్దలకు లోబడనిది దేవునికేం లోబడుతది" అన్నడు మామ. దూరం పెట్టిండ్రు.

అన్నం పెట్టినోనికి సున్నం పెట్టుడంటె విన్న. ఈడ సున్నం పెట్టుకున్నది ఆమెనే, అన్నం గుంజుకున్నది వీళ్ళు. ఇంకో సంగతి చెప్పకుంటె నా పాణం నిమ్మళంగుండది. ఆ అయ్యగారే, పోలీసు యాక్షన్ ఐన నెల తిరగకముందే కొత్త సర్కారుకు లోబడుండ్రి, దాన్ని పెట్టినోడు దేవుడే అని అదే గొంతుతోటి ప్రసంగం చెప్పిండు. నిన్నటిదాక నిజాంను పెట్టినోడు ఎవడయ్యా అని ఒక్కడన్న అడుగలే. ఏ ఎండకు ఆ గొడుగు పట్టెటోని చేతుల రొట్టె ఉన్నది. ఒక్కసారి గొడుగు పట్టినదేమో తలుపు కాడ.

వేరేటోళ్ళైతె ఇంకో మందిరం చూసుకుందురు. నేను ఎన్నోసార్లు చెప్పిన, పెద్ద గుడికి పోదాం పా, ఆడ మనల ఎవ్వరెరుగరని. "పెట్టినోళ్ళే తియ్యాలె బిడ్డా" అనేది. ప్రతి ఆదివారం పోయింది. తలుపు కాడ చాప మీద కూసున్నది. బల్ల మొదలు కాంగనే లేచి బయట వేపచెట్టు కింద నిలబడి, లోపటి పాటలకు మెల్లగ గొంతు కలిపేది. వానొస్తె చూరు కింద నిలబడేది. ఇంకా వినుండ్రి, బల్ల మీద పరిచే తెల్లబట్ట ఉతికేది కూడ మా అమ్మనే. దవాఖానల మంచిగ ఉతుకుతదని పెద్దలు ఆమెకే పంపేటోళ్ళు. బట్టకు పనికొచ్చిన చేతులు రొట్టెకు పనికిరాలే. ఆమె ఆ బట్టను గంజి పెట్టి, మడత మీద మడతేసి, నెత్తిన పెట్టుకుని పోయి ఇచ్చొచ్చేది. ఇది విధేయత కాకుంటె ఇంకేది విధేయతనో ఎవ్వరన్న నాకు చెప్పుండ్రి.

నేను పెద్దగైనంక నర్సు పని నేర్చుకున్న, బాప్తిస్మం తీసుకున్న, గని బల్లకు ఒక్కనాడు పోలే. నన్ను ఎవ్వరు దూరం పెట్టలే, నేనే పెట్టుకున్న. మా అమ్మకు అది ఇంకో బాధ. "నా కోపం నువ్వెందుకు మోస్తవే, నాకే లేదు" అనేది. నిజంగనే ఆమెకు కోపం లేదు. ఉంటె బతికిపోతుండె. ఆమెకున్నది భయం. పగటిపూట బియ్యంల రాళ్ళేరుకుంట కూసుండి, ఉన్నట్టుండి అడిగేది. "గా దినం ఎల్లమ్మ అన్న గద బిడ్డా. ఆయన విన్నడు గద. ఇది నా మనిషి కాదు పో అనుకున్నడో, నా మనిషి కాబట్టే గట్లన్నది అనుకున్నడో. ఎట్ల తెలుస్తది?"

"నీకంటె ఎక్కువ విశ్వాసి ఎవ్వరే ఈ వాడల?" అంటె, "నువ్వంటె ఏమైతది, నువ్వేమన్న దేవునివా" అనేది. వాక్యం చదివి వినిపిచ్చిన. ప్రేమ గురించి ఉన్నది చదివిన, పొరుగోని గురించి ఉన్నది చదివిన. అన్ని తలకాయ ఊపుకుంట వినేది. చివరికి, "ఐతె మరి రొట్టె ఎందుకియ్యరు?" అనేది. నేను బైబిలు మూసి పక్కకు పెట్టేదాన్ని. గిదే నా కడుపు మంట. వాళ్ళు ఆమె నోటికాడి రొట్టె ఒక్కటే గుంజుకోలే. నేను దేవుని మనిషిని అన్న ఆ నిమ్మళం గుంజుకున్నరు. గంజికొచ్చినోళ్ళ బిడ్డ అని ఊరంటే దులుపుకున్న మనిషి, సొంతోళ్ళు అనుమానపడితె తన్ను తానే అనుమానపడ్డది.

మామ రొట్టె తీసుకుంటనే, పాటలు పాడుకుంటనే పోయిండు. చెల్లెతోటి మాట్లాడకుంటనే పోయిండు. అమ్మ ఆయన పీనుగ కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. ఆ పాత అయ్యగారు కూడ పోయిండు, పెద్ద సమాధి కట్టిండ్రు. వాళ్ళంత పోయినంక సంగతి ఖతమైతదనుకున్న. కాలే. పెద్దలు మారిండ్రు గని వాళ్ళ కట్టుబాటు మారలే. ఎందుకు దూరం పెట్టిండ్రో సగం మందికి తెల్వది, దూరం పెట్టిండ్రన్నది మాత్రం అందరికి ఎరుకనే.

అమ్మ మంచంల పడ్డది. రొమ్ముల నీరు చేరింది, దవాఖానల ఇగ ఇంటికి తీస్కపొండ్రి అన్నరు. పొద్దుగాల నుంచి తలుపు దిక్కు చూస్తున్నది. "అయ్యగారిని పిలుస్తవా?" అన్నది. కొత్త అయ్యగారు పడుచు పిలగాడు, చదువుకున్నోడు, మంచోడే. రొట్టె, రసం సంచిల పెట్టుకుని వచ్చిండు. మంచం పట్టె మీద కూసుండి అమ్మ చెయ్యి పట్టుకున్నడు.

"పాత ముచ్చట ఇప్పుడెందుకమ్మా. మనమంత పాపులమే గద. తప్పైంది ప్రభువా అని ఒక్కమాటను, నేను రొట్టె ఇస్త. అంత సమాధానమైతది."

"అనిపిచ్చకుండ ఇయ్యరాదా?" అన్న నేను.

"పెద్దలు అడుగుతరక్కా" అన్నడు. తల వంచుకునే అన్నడు, పాపం.

"ఏది తప్పో జర చెప్పుండ్రి మరి. బొట్టా? పసిదా?" అని ఎగబడ్డ. నా గొంతు వాడంత వినవడ్డట్టుంది. అమ్మ చెయ్యి లేపింది, ఊకో అన్నట్టు. ఆమె సంచి దిక్కు చూస్తున్నది. ఆకలైన పసిపోరి చూసినట్టు చూస్తున్నది. అనకే అమ్మా, ఇన్నేండ్లు అనలేదు గద, ఇప్పుడనకే అని నా లోపట నేను మొత్తుకుంటున్న.

"తప్పైంది" అన్నది మా అమ్మ.

అయ్యగారి మొఖం వెలిగింది. ప్రార్థన చేసి, రొట్టె ముక్క ఆమె నోట్లె పెట్టిండు, రసంతోటి పెదవులు తడిపిండు. అమ్మ నోరు మూసుకున్నది. ఆయన పాట ఎత్తుకుంటె వాడ ఆడోళ్ళు వాకిట్ల నుంచి అందుకున్నరు. నేను గోడ దిక్కు తిరిగి నిలబడ్డ. ఆమె మీద కోపమొచ్చింది నాకు, సచ్చేదాని మీద. ఆయన పోయినంక గిలాసల నీళ్ళు తెచ్చి, "తాగుతవా?" అన్న. తలకాయ అడ్డం ఊపింది. ఏదన్న మాట్లాడుతదేమోనని చూసిన.  పెదవులు బిగబట్టుకుని నా దిక్కే చూసింది. పొద్దుగూకకముందే పోయింది.

తానం పోసేది నేనే అన్న, ఎవ్వరిని రానియ్యలే. వేన్నీళ్ళు తోడుకున్న, మొఖం కడిగిన. దవాఖానల అలవాటు, పీనుగ నోరు శుభ్రం చేసి దవడ కట్టాలె. బట్ట తడిపి వేలుకు చుట్టి నోట్లె పెట్టిన. ఎడమ చెంప లోపట వేలికి ఏదో తగిలింది. రొట్టె ముక్క. నానింది గని కరగలే, పంటి గాటు కూడ లేదు. మింగవడలేదో, మింగలేదో నాకు తెల్వది. నర్సును కాబట్టి మింగవడలేదు అనుకోవాలె. గని నేను ఆమె బిడ్డను.

బయట అయ్యగారు జనానికి చెప్తుండు. మన తల్లి సంఘంతోటి సమాధానపడి, రొట్టె తీసుకుని, నిశ్చయంతోటి ప్రభువు దగ్గరికి పోయిందని. ఆడోళ్ళు ఆమెన్ అంటున్నరు. నేను ఆ ముక్కను తియ్యలే. ఏడున్నదో ఆడనే ఉంచి, నోరు మూసి, దవడ కట్టిన. బొందల మన్ను పడేదాక ఎవ్వరికి చెప్పలే. చెప్తె పీనుగను వాకిట్ల పెట్టుకుని మళ్ళ పంచాయితి పెడుదురు.